పదిహేను వాట్ల కాపురం: పాత లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఆటలు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. 2016లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ5-6200యూ ప్రాసెసర్, అందులోనే ఇమిడి ఉన్న హెచ్‌డీ 520 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, 1366×768 తెర. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, విండోస్ 11 మీ ప్రాసెసర్‌ను గడప దాటనివ్వదు, అందుకని లినక్స్ మింట్ వేసుకున్నారు. జీటీఏ ఫైవ్ మొదటి పది నిమిషాలు బాగానే ఆడుతుంది, ఆ తర్వాత నత్తనడక. మైన్‌క్రాఫ్ట్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మార్చారు, రెండు డిస్ట్రోలు (లినక్స్ రకాలు) తిరిగి వచ్చారు, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చారు. ఏమీ మారలేదు, జీటీఏ ఇంకా కాస్త దిగజారింది కూడా.

మీరు రాసినదంతా ఒక ఎత్తు, ‘మొదటి పది నిమిషాలు’ అన్న మాట ఒక ఎత్తు. డ్రైవర్‌లో లోపముంటే, కెర్నల్ సరిపడకపోతే ఆట మొదటి నిమిషం నుంచే ఏడుస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టి తర్వాత కూలబడిందంటే అది వేడి. గవర్నర్ మార్చాక పరిస్థితి ఇంకా చెడిందంటే వేడితో పాటు విద్యుత్తు పంపకంలోనూ తేడా ఉంది. ఇవి రెండూ అన్నదమ్ములే.

నా దగ్గరా ఇదే తరం యంత్రం ఉంది. తొమ్మిదేళ్లుగా దాని మీదే రాస్తున్నాను, ఆడుతున్నాను. మీరు చేసిన పొరపాట్లన్నీ నేనూ చేసినవే. మూడు డిస్ట్రోలు ఎక్కువే తిరిగాను.

ముందు పదిహేను వాట్ల సంగతి. మీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న ‘యూ’ అక్షరానికి అర్థం అది తక్కువ కరెంటుతో బతికే రకమని. ఎక్కువసేపు నడిచేటప్పుడు దానికి కేటాయించిన విద్యుత్తు మొత్తం 15 వాట్లు. లెక్కలు చేసే రెండు కోర్లు, బొమ్మ గీసే గ్రాఫిక్స్, అన్నీ ఆ 15 వాట్లలోనే సర్దుకోవాలి. రెండంగుళాల నీళ్లు పోసే బోరు ఒకటే, దాని కింద మళ్లు రెండు. పై మడికి గండి పెద్దది చేస్తే కింది మడి ఎండుతుంది. మీరు గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చినప్పుడు చేసింది అదే. కోర్లు అవసరం ఉన్నా లేకపోయినా 2.7, 2.8 గిగాహెర్ట్జ్ దగ్గర పరుగెత్తుతూ నీళ్లు తాగేశాయి. జీటీఏలో అసలు కష్టపడేది గ్రాఫిక్స్. దాని వంతుకు మిగిలింది తడి మట్టి.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. ఫెరల్ ఇంటరాక్టివ్ అనే ఆటల కంపెనీ వాళ్ల గేమ్‌మోడ్ అనే చిన్న పనిముట్టు ఉంది కదా, ఆట మొదలవగానే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చడమే దాని మొదటి పని. తర్వాత వచ్చిన వెర్షన్లలో మన లాంటి యంత్రాల కోసం ఒక మినహాయింపు పెట్టారు. ఒకే చిప్పులో ఇమిడిన గ్రాఫిక్స్ ఎక్కువ కరెంటు తాగుతున్నట్టు కనిపిస్తే గవర్నర్‌ను మళ్లీ పవర్‌సేవ్‌కు దించేస్తుంది. పేరు చూసి పవర్‌సేవ్ అంటే కాళ్లు కట్టేయడం అనుకోకండి. మీ ప్రాసెసర్ వేగాన్ని నడిపే ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్‌లో పవర్‌సేవ్ అంటే పని ఉన్నప్పుడు పెరగడం, లేనప్పుడు తగ్గడం. అంతే. దాన్నే ఉంచండి. గేమ్‌మోడ్ కావాలంటే వేసుకోండి, లేకపోయినా మీకు పెద్ద లోటు లేదు.

ఇక కొలత. కొలవకుండా మందు వేయడం మానేసిన రోజు నుంచి నాకు డబ్బూ మిగిలింది, ఆదివారాలూ మిగిలాయి. మింట్‌లో ఇంటెల్-జీపీయూ-టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఇంటెల్ జీపీయూ టాప్ అనే కమాండ్ వస్తుంది. దాన్ని ముందు సుడో (నిర్వాహకుడి అనుమతి) పెట్టి నడపాలి. ఆట తెరంతా ఆక్రమిస్తుంది కాబట్టి టెర్మినల్ కనబడదు. నేనైతే ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ (ఇంకో పరికరం నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి ఉంచి, ఫోనులో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ నుంచి లోపలికి వెళ్లి, ఫోనును పక్కన గోడకు ఆనించి పెట్టుకుంటాను. ఆట ఇక్కడ, అంకెలు అక్కడ.

పై వరుసలో మెగాహెర్ట్జ్ దగ్గర రెండు అంకెలు ఉంటాయి. మొదటిది గ్రాఫిక్స్ అడిగిన వేగం, రెండోది దానికి దక్కిన వేగం. మీ హెచ్‌డీ 520 గరిష్ఠ వేగం 1000 మెగాహెర్ట్జ్. ఆ పక్కనే వాట్లు కూడా రెండు అంకెలుగా ఉంటాయి, గ్రాఫిక్స్ ఒక్కటే తాగుతున్నది, చిప్పు మొత్తం తాగుతున్నది. కింద రెండర్ అనే పట్టీ గ్రాఫిక్స్ ఎంత శాతం పనిలో ఉందో చెబుతుంది. ఆట మొదలైన రెండో నిమిషంలో ఒకసారి, పదిహేనో నిమిషంలో ఒకసారి ఈ అంకెలు రాసుకోండి. పక్కన సెన్సర్స్ కమాండ్‌తో ఉష్ణోగ్రత కూడా.

ఎలా చదవాలంటే: రెండర్ పట్టీ నిండుగా ఉండి, వేగం 1000 అడిగితే 650 దక్కుతూ, ఉష్ణోగ్రత 95 దాటి ఉంటే మీ శత్రువు వేడి. మీ చిప్పు 100 డిగ్రీల దగ్గర తనను తాను కాపాడుకోవడానికి వేగం తెగ్గోసుకుంటుంది. అదే తక్కువ వేగం దక్కుతూ ఉష్ణోగ్రత మాత్రం 75 దగ్గరే ఉండి, మొత్తం వాట్లు 15కు అతుక్కుపోతే అది పంపకం గొడవ. వేగం 1000 పూర్తిగా దక్కుతున్నా, పట్టీ నిండుగా ఉన్నా ఫ్రేములు (సెకనుకు గీసే బొమ్మలు) రాకపోతే గ్రాఫిక్స్‌కు శక్తి చాలడం లేదు, లేదా జ్ఞాపకం (ర్యామ్) దారి ఇరుకుగా ఉంది. రెండర్ పట్టీ సగమే నిండి ఉంటే ఆట ప్రాసెసర్ కోసమో, డిస్కు కోసమో ఎదురుచూస్తోంది. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు.

మీది మొదటి రకమని నా అనుమానం. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా వెనక మూత విప్పారా? ప్రశ్నలో ఆ మాట లేదు, అందుకే అడుగుతున్నాను.

నేను మొదటిసారి విప్పింది అయిదో ఏట. కింద కనిపించే మరలు తొమ్మిది తీశాక కూడా మూత రాలేదు. వెనక రబ్బరు కాళ్ల కింద ఇంకో రెండు దాక్కుని ఉన్నాయి. పాత బస్సు టికెట్టు మడిచి అంచు చుట్టూ దూర్చుకుంటూ వెళితే టక్ టక్‌మని ఊడింది. మొదట బ్యాటరీ తీగ పీకేశాను, ఇది మాత్రం మరవకండి. ఫ్యాను చూడటానికి శుభ్రంగానే ఉంది. నిరాశపడ్డాను. ఫ్యాను కూడా విప్పి పక్కకు పెడితే అసలు దృశ్యం బయటపడింది. ఫ్యానుకూ, వేడి బయటకు పోయే రాగి రేకులకూ మధ్య బూడిదరంగు కంబళి ముక్క ఒకటి నిలువుగా నిలబడి ఉంది. దుమ్మూ, దుప్పటి నూగూ, తలవెంట్రుకలూ కలిసి అయిదేళ్లపాటు నేసుకున్న కంబళి. వేలితో పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. ఆ యంత్రం అన్నాళ్లూ ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుగెత్తింది పాపం. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడే అలవాటు ఉంటే మీ కంబళి ఇంకా మందంగా ఉంటుంది.

వేడిని మోసే రాగి గొట్టం కింద మరలు సాధారణంగా నాలుగు, పక్కన 1, 2, 3, 4 అని అచ్చువేసి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుసలోనే, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించాలి. గొట్టం ఎత్తితే పాత పేస్టు ఎండిన విభూతిలా రాలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తటి గుడ్డతో చిప్పూ, రాగి అడుగూ అద్దంలా మెరిసేదాకా తుడవండి. కొత్త పేస్టు కందిగింజంత చాలు. ఫ్యానులోకి గాలి ఊదేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. మీకు చేయి తిరగదనుకుంటే మరమ్మతు దుకాణంలో ఇవ్వండి. ‘క్లీనింగ్’ అని మాత్రం చెప్పకండి, పైపైన ఊది ఇచ్చేస్తారు. ఫ్యాను విప్పి రేకులు చూపించమనండి, పేస్టు కొత్తది వేయమనండి.

నా యంత్రంలో ఆ ఒక్క పూట పనితో ఆట మధ్యలో ఉష్ణోగ్రత 97 నుంచి 78కి దిగింది. తొమ్మిదేళ్లలో నేను మార్చిన ఏ సెట్టింగూ దానికి దరిదాపుల్లోకి రాలేదు. ఇంకో సంగతి, ఫ్యాను గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు గదిలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు చేసిన కొలతనూ డిసెంబరు కొలతనూ పోల్చి ‘కొత్త కెర్నల్ వేగంగా ఉంది’ అని రాసేవారిని చూశాను. వేగంగా ఉన్నది కెర్నల్ కాదు, చలికాలం.

వేడి విషయంలోనే ఒక పక్కదారి. మా పెదనాన్నగారి అబ్బాయి ల్యాప్‌టాప్ ఆటలోనే కాదు, బ్రౌజరు తెరవడానికీ మూలిగేది. చూస్తే అన్ని కోర్లూ 800 మెగాహెర్ట్జ్ దగ్గర గడ్డకట్టుకుని ఉన్నాయి, ఉష్ణోగ్రత చూస్తే 45. చల్లగా ఉన్న యంత్రం ఎందుకు ఇలా చేస్తోందో రెండు రోజులు అర్థం కాలేదు. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే 2.7 గిగాహెర్ట్జ్‌కు లేచింది! అసలు చార్జర్ పోయి, బజారులో చవగ్గా దొరికింది కొన్నాడట. కొన్ని ల్యాప్‌టాప్‌ల చార్జర్ పిన్ను మధ్యలో సన్నటి తీగ ఉంటుంది. చార్జర్ ఎన్ని వాట్లదో యంత్రానికి చెప్పేది ఆ తీగే. అది పలకకపోతే యంత్రం భయపడి ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి కట్టేస్తుంది. మీ లక్షణాలు ఇవి కావు గానీ, ఆడేటప్పుడు ఒకసారి కోర్ల వేగం కూడా చూసుకోండి.

దుమ్ము తర్వాత ర్యామ్. మీ 8 జీబీ ఒకే ముక్కా, రెండు నాలుగులా? డీఎంఐడీకోడ్ అనే కమాండ్ మెమరీ వివరాలలో ఒక్కో స్లాటునూ చూపిస్తుంది. ఒక స్లాటు ఖాళీ అని వస్తే అక్కడే మీకు నిధి ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డుకు తన సొంత జ్ఞాపకం ఉంటుంది. హెచ్‌డీ 520కి అలాంటి ఆస్తి లేదు, ప్రతి బొమ్మకూ మామూలు ర్యామ్‌లోకే రావాలి. డీడీఆర్4-2133 ముక్క ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 17 జీబీ దారి. రెండు ముక్కలుంటే 34. దారి రెట్టింపయితే ఫ్రేములు రెట్టింపు కావు గానీ, నా అనుభవంలో ఇలాంటి గ్రాఫిక్స్‌కు డబ్బు పెట్టి కొనగలిగిన వాటిలో ఇదే మొదటిది. జీటీఏ లాంటి ఆటలో 22 ఫ్రేముల దగ్గర కొట్టుకునేది 28కి చేరి నిలబడింది నా దగ్గర.

కొనేముందు ఒక జాగ్రత్త. ఆరో తరం ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి డీడీఆర్4, కొన్నిటికి డీడీఆర్3ఎల్ ఉంటుంది. ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చోదు. ఉన్న ముక్క తీసుకెళ్లి చూపించి కొనడం అన్నిటికంటే తెలివైన పని. సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వాడిన ముక్కలు కూడా దొరుకుతాయి. అక్కడే పెట్టించుకుని, యంత్రం వెలిగించి చూసుకుని డబ్బివ్వండి. 4 జీబీ బోర్డుకే అతికించి ఒక్క స్లాటు మాత్రమే ఇచ్చిన మోడళ్లలో 8 పెట్టినా నష్టం లేదు. 4కు 4 జతకట్టి 8 జీబీ జోడుగా నడుస్తుంది, మిగిలిన 4 ఒంటరిగా నడుస్తుంది.

బయోస్‌లో వీడియో మెమరీ 64 నుంచి 256 ఎంబీకి పెంచితే వేగం వస్తుందని చాలామంది చెబుతారు. లినక్స్‌లో ఇంటెల్ డ్రైవర్ అవసరమైనంత ర్యామ్‌ను అప్పటికప్పుడు తీసుకుంటుంది. ఆ అంకె పెంచితే మీ 8 జీబీలో కొంత ఊరికే మూలన పడుతుందంతే.

ఇప్పుడు జీటీఏ. ముందుగా లెగసీ ఎడిషన్‌లోనే ఉండండి, 2025లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ మీ యంత్రం మోయగల బరువు కాదు. కథ మాత్రమే ఆడగలరు. ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబరులో మోసగాళ్లను పట్టే బ్యాటిల్‌ఐ కాపలా పెట్టారు, అక్కడి నుంచి లినక్స్ వాళ్లకు ఆ తలుపు మూసే ఉంది. వాలరెంట్ ఆట కూడా అంతే, దాని కాపలాదారు వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది. ఏ చిట్కా చెప్పినా వినకండి, ఖాతా పోగొట్టుకుంటారు.

కథ ఆడటానికి తెరను 1280×720కి దించితే పెద్దగా లాభం లేదు. మీ తెర ఇప్పటికే 1366×768, అంటే పది లక్షల చుక్కలు. 720లో తొమ్మిది లక్షలు. నిజంగా బరువు దిగాలంటే 960×540కి వెళ్లాలి, అక్కడ అయిదు లక్షల పైచిలుకే. బొమ్మ మసకబారుతుంది. గేమ్‌స్కోప్ అనే పనిముట్టు దాన్ని ఎఫ్ఎస్ఆర్ అనే పద్ధతితో సాగదీసి పదును పెడుతుంది గానీ, ఆ సాగదీయడానికీ ఇదే గ్రాఫిక్స్ కష్టపడాలి. హెచ్‌డీ 520 మీద నాకది గిట్టుబాటు అనిపించలేదు. ఆటలోనే అధునాతన గ్రాఫిక్స్ పేజీలో ఫ్రేమ్ స్కేలింగ్ ఉంది, దాన్ని మూడొంతులకు పెట్టండి. గడ్డి, నీడలు నార్మల్. అంచులను నునుపు చేసే ఎంఎస్ఏఏ ఆపేయండి. జనసాంద్రత, జనవైవిధ్యం సగానికి దించండి, అది ప్రాసెసర్ బరువు తగ్గిస్తుంది, అంటే పై మడి గండి చిన్నదవుతుంది.

ఆ తర్వాత సెకనుకు 30 ఫ్రేములకు తాడు కట్టండి. చాలామంది ఒప్పుకోని మాట ఇది. మీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 ఫ్రేములయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు కనబడి కదలిక నిలకడగా ఉంటుంది. 38, 26, 41, 29 అంటూ ఊగితే సగటు ఎక్కువే వస్తుంది గానీ కన్ను ఒప్పుకోదు. పైగా తేలిక దృశ్యాల్లో గ్రాఫిక్స్ అనవసరంగా 45 గీయడం మానేసి చల్లబడుతుంది, ఆ చల్లదనం తర్వాతి పోలీసు వెంటాటలో అక్కరకొస్తుంది. ఆట మీదే అంకెలు చూపించే మ్యాంగోహడ్ అనే పనిముట్టు సెట్టింగులలో ఫ్రేముల పరిమితి 30 అని పెట్టండి. స్టీమ్‌లో ఆట లక్షణాల పేజీకి వెళ్లి, లాంచ్ ఆప్షన్స్ గడిలో మ్యాంగోహడ్ పేరు, ఖాళీ, ఆపైన రెండు శాతం గుర్తుల మధ్య కమాండ్ అన్న మాట, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అది ఆటతో పాటే మొదలవుతుంది. అది గీసే ఫ్రేమ్ సమయం గీత మీదే కన్నుంచండి. గీత చదునుగా ఉంటే ఆట హాయిగా ఉన్నట్టు. స్టీమ్ డెక్ కూడా గరిష్ఠంగా 15 వాట్ల చిప్పుతోనే 2022లో వచ్చింది. మన చిప్పు కంటే చాలా కొత్తది, నిజమే. అయినా దాని మెనూలో ఫ్రేముల పరిమితిని చేతికి అందేంత దగ్గరగా పెట్టారు.

దుమ్ము తీశాక కూడా వాట్లు 15కు అతుక్కుని గ్రాఫిక్స్ వేగం పడిపోతూ ఉంటే చివరి చిట్కా ఒకటుంది. ఇంటెల్ పీ-స్టేట్ ఫోల్డరులో మ్యాక్స్ పెర్ఫ్ పర్సెంట్ అనే చిన్న ఫైలు ఉంటుంది, అందులో 100 ఉంటుంది. దాన్ని 75 చేయండి. కోర్లు 2.8 బదులు 2.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతాయి, మిగిలిన నీళ్లు కింది మడికి పారతాయి. యంత్రం మళ్లీ వెలిగిస్తే పాత అంకె తనంతట తానే వస్తుంది కాబట్టి భయం లేదు. 75 వద్ద రెండర్ పట్టీ ఖాళీ కావడం మొదలైతే ఎక్కువ బిగించారని అర్థం, 85కి వెళ్లండి.

ప్రాసెసర్‌కు వోల్టేజీ తగ్గించడం గురించి కూడా చదివే ఉంటారు. ఆరో తరంలో అది నిజంగానే పనిచేసే మందు. కానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బయోస్ అప్‌డేట్లతో చాలా యంత్రాల్లో ఆ తలుపు మూసేశారు. మీ దాంట్లో తెరిచి ఉంటే ఇంటెల్-అండర్‌వోల్ట్ అనే పనిముట్టుతో కోరుకూ క్యాషేకూ ఒకే అంకె ఇచ్చి, పది పది మిల్లీవోల్టుల చొప్పున దిగండి. 50 దగ్గర ఆగిపోతే తృప్తిపడండి. ఇందుకోసం పాత బయోస్‌కు వెనక్కి వెళ్లడం మాత్రం నేను చేయను.

మైన్‌క్రాఫ్ట్ జబ్బు వేరు. అది ప్రాసెసర్ మీద బతికే ఆట, కాబట్టి పైన చెప్పిన 75 మందు దీనికి విషం. ఆడేముందు 100కి మార్చుకోండి. జావా ఎడిషనే కదా? మాడ్‌లను (ఆటకు తగిలించే అదనపు ముక్కలను) నడిపే ఫ్యాబ్రిక్ వేసి, సోడియం, లిథియం అనే రెండు మాడ్‌లు పెట్టండి. మొదటిది బొమ్మ గీసే పద్ధతినే మార్చి రాసింది, రెండోది ఆటలోపలి లెక్కలను తేలిక చేస్తుంది. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద సోడియం ఇచ్చే తేడా చూస్తే ఇన్నాళ్లూ అది లేకుండా ఎలా ఆడామా అనిపిస్తుంది. చూపు దూరం 8 చంక్‌లు (ఆటలోని లోకాన్ని విడగొట్టిన ముక్కలు) చాలు.

ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మాత్రం ర్యామ్ కొరత లక్షణం. లాంచర్‌లో జావాకు ఎంత కేటాయించారు? ఎక్కువిస్తే మంచిదని 6 జీబీ ఇచ్చేవాళ్లున్నారు. 8లో 6 జావాకు పోతే, గ్రాఫిక్స్ వంతు, మింట్ డెస్క్‌టాప్ అయిన సిన్నమన్ వంతు, వెనక తెరిచి ఉంచిన బ్రౌజరు వంతు ఎక్కడి నుంచి రావాలి? స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగంలోకి) పోతాయి. మీ డిస్కు తిరిగే రకం అయితే అక్కడే బిగుసుకుంటుంది. మాడ్‌లు ఎక్కువ లేకపోతే 2 నుంచి 3 జీబీ సరిపోతుంది. జీర్యామ్ కూడా పెట్టుకోండి. నిండిన ర్యామ్‌ను డిస్కుకు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి మూటకట్టి ఉంచే పద్ధతి అది. ఫెడోరాలో 33వ వెర్షన్ నుంచి దానంతటదే ఉంటుంది, మింట్‌లో జీర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసుకోవాలి. బ్రౌజరు మూసి ఆడటం అన్నిటికంటే చవక.

డిస్కు అన్నాను కాబట్టి: ఇంకా తిరిగే డిస్కే ఉంటే సాటా ఎస్ఎస్‌డీ పెట్టండి. ఫ్రేములు పెరగవు. జీటీఏలో వేగంగా కారు నడిపేటప్పుడు రోడ్డు గాలిలోంచి పుట్టుకురావడం, ప్రతి మలుపులో కుదుపు ఆగిపోతాయి. ఇంకొక్కటి, విండోస్ పార్టిషన్ ఉంచుకుని ఆటలు అందులోనే ఉన్నాయి కదా అని స్టీమ్‌కు ఆ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ పద్ధతి) డ్రైవును చూపించారా? విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ ఒక్కో ఆటకూ నకిలీ సీ డ్రైవు ఒకటి తయారుచేస్తుంది, దాని పేరులోనే కోలన్ గుర్తు ఉంటుంది. విండోస్ ఆ గుర్తున్న పేరును ఒప్పుకోదు. ఆటలు తెరుచుకోకపోవడం, డ్రైవు పాడైందని విండోస్ గోలపెట్టడం రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి. ఆటలను ఈఎక్స్‌టీ4 (లినక్స్ పద్ధతి) పార్టిషన్‌లోకి దించుకోండి.

ఆట తెరిచే ముందు స్టీమ్ ‘వల్కన్ షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేస్తున్నాం’ అని అరగంట కూర్చోబెడుతుంది చూశారా? రెండు కోర్ల యంత్రానికి అది పెద్ద శిక్ష. పైగా ఆట మొదలయ్యేసరికే చిప్పు కాగి ఉంటుంది. స్కిప్ నొక్కండి. మొదటి గంట అక్కడక్కడా కుదుపులుంటాయి, తర్వాత సర్దుకుంటుంది.

డ్రైవర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మీ తరానికి మీసా (లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ల మూట) లోని ఐరిస్, వల్కన్ డ్రైవర్లు ఎప్పుడో స్థిరపడ్డాయి. మింట్ 22లో వచ్చేవి చాలు, ప్రతి వారం కొత్త మీసా కోసం బయటి పీపీఏలు (ఇతరులు నడిపే ప్యాకేజీ భాండారాలు) తగిలించకండి. సిన్నమన్ సెట్టింగులలో పూర్తి తెర కిటికీలకు కంపోజిటింగ్ (కిటికీలకు చేసే అదనపు అలంకరణ పని) ఆపే మీట ఉంది, దాన్ని వేసుకోండి. విద్యుత్తు వాడకాన్ని సర్దే టీఎల్‌పీ, పవర్-ప్రొఫైల్స్-డీమన్ రెండూ ఉంటే ఒకటి తీసేయండి, ఒకరు కట్టింది ఇంకొకరు విప్పుతారు.

కెర్నల్ భద్రతా కవచాలన్నీ ఆపేసే మిటిగేషన్స్ ఆఫ్ చిట్కా కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. స్పెక్టర్, మెల్ట్‌డౌన్, రెట్‌బ్లీడ్ లాంటి ప్రాసెసర్ భద్రతా లోపాలతో ఆరో తరం బాగానే దెబ్బతింది, కవచాలు కొంత వేగం తినడమూ నిజమే. కానీ మీ ఆట ఆగుతున్నది గ్రాఫిక్స్ దగ్గర, కవచాలు ప్రాసెసర్ పని మీద. ఇదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు లావాదేవీలు చేస్తారు కదా. ఒకటి రెండు ఫ్రేముల కోసం ఇంటి తలుపు గడియ తీసి పెట్టడం నాకు నచ్చదు.

ఇంతా చేశాక కూడా కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి ఈ యంత్రంలో మర్యాదగా నడవవు. పోర్టల్ 2, లెఫ్ట్ 4 డెడ్ 2, హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ, సెలెస్ట్ నా దగ్గర హాయిగా నడుస్తున్నాయి. ఇవన్నీ లినక్స్‌కు నేరుగా వచ్చినవే, ప్రోటాన్ అవసరం కూడా లేదు.

ర్యామ్ ఇప్పుడే కొనకండి. ముందు మూత విప్పి రేకులు చూడండి. అది అయ్యాక జీటీఏ నడిపి, రెండో నిమిషం, పదిహేనో నిమిషం అంకెలు రాయండి: అడిగిన వేగం, దక్కిన వేగం, రెండు వాట్లు, రెండర్ శాతం, ఉష్ణోగ్రత, గదిలో ఫ్యాను తిరుగుతోందా లేదా. డీఎంఐడీకోడ్‌లో రెండో స్లాటు గురించి ఏం వచ్చిందో కూడా చేర్చండి. అవి చూశాక ర్యామ్ సంగతి చెబుతాను. కంబళి దొరికితే దాని ఫొటో కూడా పెట్టండి, నా దానికంటే మందమా కాదా చూడాలి.